టీపీయూ ట్యూబులు: 4,600 కిలోమీటర్ల తర్వాత వాల్వు గురించి నాలుగు మాటలు

యూరప్ దేశాలని కలిపే దూరప్రయాణ సైకిల్ దారులని యూరోవెలో అంటారు. రైన్ నది వెంట యూరోవెలో 15 మీద స్విట్జర్లాండ్‌లోని అండర్‌మాట్ నుంచి నెదర్లాండ్స్‌లోని హోక్ వాన్ హాలండ్ దాకా ఒక ఏడాది, డాన్యూబ్ వెంట యూరోవెలో 6 మీద జర్మనీలోని డొనౌఎషింగెన్ నుంచి బుడాపెస్ట్ దాకా మరుసటి ఏడాది, మధ్యలో వారాంతపు రైడ్లు. మొత్తం 4,600 కిలోమీటర్లు, దాదాపు అంతా టీపీయూ (థర్మోప్లాస్టిక్ పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్) ట్యూబుల మీదే. సైకిలుకి డిస్క్ బ్రేకులు, 40 ఎం.ఎం. టైర్లు. మనిషి 72 కిలోలు, నీళ్ళూ తిండీ కాకుండా సామాను 6 కిలోలు. కింద రాసేదంతా ఈ లెక్కకి వర్తించేదే.

ఒంటరిగా, తక్కువ బరువుతో వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు టెంటు మీద, స్లీపింగ్ బ్యాగ్ మీద పడతారు. అక్కడ కాస్త బరువు తగ్గించాలన్నా బోలెడు డబ్బు పోయాలి. ట్యూబుల దగ్గర అంత ఖర్చు లేదు. ఈ సైజు టైరుకి మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబు 165 గ్రాములు తూగింది, టీపీయూది 65. చక్రాల్లో రెండు, సంచిలో రెండు పెట్టుకుంటే 400 గ్రాములు తగ్గినట్టే. బరువుకన్నా నాకు నచ్చింది సైజు. చుట్టి పెడితే స్పేరు ట్యూబు రెండు అగ్గిపెట్టెలంత. సీటు కింది సంచిలో టైరు లివర్ల పక్కన ఇమిడిపోతుంది. గాలి కూడా బాగా నిలుస్తుంది: ఐదారు రోజులకోసారి పది స్ట్రోకులు కొడితే సరిపోయేది.

ఇక వాల్వు. అసలు బాధంతా దానితోనే.

బ్యూటైల్ ట్యూబుకి వాల్వు ఇత్తడిది, దాని మొదలు దగ్గర మందంగా రబ్బరు ఉంటుంది. ఎటు లాగినా సాగి ఊరుకుంటుంది. నేను వాడిన టీపీయూ ట్యూబులకి వాల్వు కాడ కూడా ప్లాస్టిక్కే, వేడితో ట్యూబుకి అతికించి ఉంటుంది. ఆ అతుకు సాగదు, చీలుతుంది.

బాసెల్ దాటాక జర్మనీ వైపు రైన్ కట్ట మీద దారంతా సన్న కంకర. నోయెన్‌బుర్గ్ దాటేసరికి వెనక చక్రం మెత్తబడింది. టైరు చుట్టూ వెతికితే ముల్లు లేదు, గాజు ముక్క లేదు. పంపు కొడితే పదిహేను కిలోమీటర్లు వచ్చింది, మళ్ళీ కొడితే ఏడు, ఆ తర్వాత రెండు. విప్పి చూస్తే, కాడ ట్యూబుకి అతుక్కున్న చోట వెంట్రుకంత చీలిక. కాడని ఎడమకి వంచితే మూసుకుంటుంది, కుడికి వంచితే సుయ్‌మంటుంది. ఆ వంపులో ప్యాచ్ కూర్చోదు. రెండు సార్లు వేసి చూశాను, గాలి కొట్టగానే అంచు లేచిపోయింది.

స్పేరు వేసి బయల్దేరాను. మర్నాటికి అదే చోట, అదే చీలిక. అప్పుడుగానీ తప్పు ఎక్కడుందో తెలియలేదు. కారణాలు రెండు. ఒకటి పంపు: గొట్టం లేకుండా నేరుగా వాల్వుకి బిగించే చిన్న పంపు. వంద పైచిలుకు స్ట్రోకుల్లో ప్రతి స్ట్రోకుకీ కాడ అటూ ఇటూ ఊగుతుంది. రెండోది రిమ్ము: వాల్వు రంధ్రం లోపలి అంచు వేలితో తడిమితే బ్లేడులా గీరుకుంది. పైనుంచి పంపు ఊపడం, కింద నుంచి అంచు కోయడం. బ్యూటైల్ అయితే ఇవన్నీ ఏళ్ళ తరబడి భరిస్తుంది.

రెండో ట్యూబు పోయింది ఆదివారం. జర్మనీలో ఆ రోజు సైకిల్ షాపులూ మూసే ఉంటాయి. తోడు ఎవరైనా ఉంటే వాళ్ళ ట్యూబు అడగొచ్చు, ఒంటరి ప్రయాణంలో ఆ దారి లేదు. తెరిచి ఉన్న షాపులో కూడా టీపీయూ ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. చివరికి ఆదుకున్నది మూసి ఉన్న ఒక షాపు గోడకి తగిలించిన ట్యూబుల వెండింగ్ మెషీన్. జర్మనీలో ఇవి చాలా ఊళ్ళలో ఉంటాయి. చిల్లర నాణేలు దగ్గర పెట్టుకోండి. డబ్బా మీద 622 అంకె (ఇది చక్రం సైజు), మీ టైరు వెడల్పు పట్టే శ్రేణి (నాకు వచ్చింది 28-47 ఎం.ఎం.), వాల్వు రకం, మూడూ చూసి నొక్కాలి. ప్రెస్టాకి, అంటే నా ట్యూబులకున్న సన్నకాడ వాల్వుకి, ఎస్‌వీ అని ఉంటుంది. డీవీ అంటే డన్లప్ వాల్వు, ఆ లావు కాడ ప్రెస్టా రంధ్రంలో దూరదు.

ఆ తర్వాత చేసిన మరమ్మతు ఇది. గరుకు కాగితాన్ని సన్నగా చుట్టి రంధ్రం అంచుని లోపలి వైపు నుంచి నున్నగా రుద్దాలి. పొడి తుడిచేయాలి. రిమ్ టేపు మీద, రంధ్రం చుట్టూ ఇంకో పొర టేపు వేసి, వేడి సూదితో కాడ పట్టేంత బెజ్జం చేయాలి. పంపు మార్చి, చిన్న రబ్బరు గొట్టం ఉన్నది తీసుకోవాలి. గొట్టం విప్పేటప్పుడు వాల్వు కోర్ (కాడ లోపల మరతో బిగించిన భాగం) కూడా దాంతో తిరిగి ఊడి రావచ్చు, బయల్దేరే ముందే కోర్ బిగించుకోండి. మీ రిమ్ము కారు వాల్వుకి చేసిన 8.5 ఎం.ఎం. రంధ్రమైతే సన్నకాడ టీపీయూ ట్యూబుని అలాగే వేయొద్దు. గాలి కొట్టగానే కాడ మొదలు ఆ కంతలోకి దిగి చీలుతుంది. రబ్బరు బుష్ వేసి తీరాలి. ఇవన్నీ చేశాక డాన్యూబ్ దారి మొత్తంలో వాల్వు దగ్గర ఒక్కసారి కూడా గాలి పోలేదు.

మామూలు పంక్చర్లు మూడు పడ్డాయి. ఇక్కడ మనకి చిన్నప్పటి నుంచి అలవాటైన పద్ధతి పనికిరాదు. మన పంక్చర్ షాపులో ట్యూబుని బుడగలా ఉబ్బించి, నీళ్ళ తొట్టిలో ముంచి, బెజ్జం పట్టుకుని, ఆకురాయితో గీకి సొల్యూషన్ రాస్తారు. టీపీయూని టైరు బయట అలా ఉబ్బిస్తే సాగిపోతుంది, మళ్ళీ కుదించుకోదు. సాగిన ట్యూబు టైరులో మడత పడుతుంది, ఆ మడత దగ్గరే కొత్త బెజ్జం. ఆకారం వచ్చేంత గాలి మాత్రమే పెట్టి నీళ్ళలో నిదానంగా తిప్పాలి. ఆవగింజంత బుడగలు ఒక్కొక్కటే వస్తాయి. రబ్బరు సొల్యూషన్ దీనికి పట్టదు. టీపీయూ ప్యాచ్ కావాలి: ఆల్కహాల్ వైప్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ప్యాచ్ పెట్టి రెండు నిమిషాలు గట్టిగా నొక్కి, ఇంకో పది నిమిషాలు ఆగాలి. వానలో తడి చేతులతో ఇది జరగదు. అప్పుడు ట్యూబు మార్చి, ప్యాచ్ పని రాత్రి టెంటులో చూసుకోవడమే.

గాలి బాగా నిలుస్తుందన్నది కొత్త ట్యూబు మాట. రెండో ఏడాదికి వెనకదానికి రెండు రోజులకోసారి పంపు కావాల్సి వచ్చింది. రోడ్డు మీద తేలిగ్గా దొర్లుతుందన్న మాట మొదట్లో నేనూ చాలామందికి చెప్పాను. తారు రోడ్డు మీద నిజమే, కంకర కట్ట మీద తేడా నాకు తెలియలేదు.

రిమ్ము బ్రేకులు (రిమ్మునే ఒరుసుకుని ఆపేవి) ఉన్నవాళ్ళు స్విట్జర్లాండ్‌లోని ఒబరాల్ప్ కనుమ లాంటి దిగుడున్న దారి ఎంచుకుంటే ఇవి వద్దు. 2,044 మీటర్ల నుంచి డిసెంటిస్ దాకా 20 కిలోమీటర్ల దిగుడులో రిమ్ము కాలిపోతుంది, ఈ ప్లాస్టిక్ ఆ వేడికి మెత్తబడుతుంది. కొన్ని కంపెనీలు డిస్క్ బ్రేకులకి మాత్రమేనని డబ్బా మీదే రాస్తున్నాయి.

ఇప్పుడు నా సైకిలుకి ముందు చక్రంలో టీపీయూ, బరువంతా మోసే వెనక చక్రంలో బ్యూటైల్, సంచిలో రెండు టీపీయూ స్పేర్లు. 400 గ్రాముల లాభం 300కి తగ్గింది. నాకంటే బరువైనవాళ్ళు, నాలుగు సంచులు కట్టేవాళ్ళు రెండు చక్రాల్లోనూ బ్యూటైలే వేసుకుని, టీపీయూని స్పేరుగా మాత్రం తీసుకెళ్తే మేలనుకుంటాను. ఆ స్పేరుని కూడా కొన్న రోజునే ఒకసారి చక్రంలో వేసి రాత్రంతా ఉంచి చూడండి. అతుకు సరిగ్గా లేని ట్యూబు ఒకటి నాకు డబ్బాలోనే వచ్చింది.