సెకండ్‌హ్యాండ్ థింక్‌ప్యాడ్ టీ480: మళ్ళీ అమ్ముడుపోయే లాప్‌టాప్ అంటే ఇదీ

పాత లాప్‌టాప్‌లు కొని, బాగుచేసి, మళ్ళీ అమ్మడం నా పని. ఏది తీసుకోమంటారని ఎవరడిగినా ఇప్పటికీ టీ480 పేరే చెప్తాను. లెనోవో కంపెనీది, 2018లో వచ్చిన మోడల్. మూత మీద గీతలు, అరిగి మెరిసే కీలు చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు కానీ, నేను ముందు దాన్ని తిరగేసి అడుగు భాగం విప్పుతాను.

ఆరు స్క్రూలు. వదులు చేసినా మూతనే పట్టుకుని ఉంటాయి, ఎక్కడికీ దొర్లిపోవు. లోపల ర్యామ్‌కి (పని చేసేటప్పుడు వాడే మెమరీ) రెండు స్లాట్లు, విడిగా ఊడొచ్చే ఎస్‌ఎస్‌డీ (ఫైళ్ళు దాచే డ్రైవ్). ఇప్పటి పలచటి లాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి, ఊడదీయలేకుండా ఉంటుంది. 8 జీబీతో కొంటే చివరిదాకా 8 జీబీయే, రెండోసారి కొనేవాడికి దారే ఉండదు. ఇందులో బ్యాటరీలు కూడా రెండు. వెనకది లాచ్ జరిపితే చేతికొస్తుంది. లోపలి దాంట్లో ఛార్జ్ ఉంటే మెషీన్ ఆపకుండానే మార్చేయొచ్చు. బ్యాటరీ నీరసపడిందని మొత్తం లాప్‌టాప్ పారేసే అవసరం రాకపోవడం నా దృష్టిలో దీని అసలు విలువ.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా 8వ తరం నుంచే కుదురుతుంది. టీ480లు ఎక్కువ శాతం ఆ తరానివే. కొన్నింట్లో 7వ తరం చిప్ కూడా వచ్చింది, అవి వదిలేయండి.

స్క్రీన్ మాత్రం నాకు నచ్చదు. తక్కువ రకంలో 1366×768 ప్యానెల్ ఉంటుంది, పక్కనుంచి చూస్తే రంగులు పాలిపోతాయి. ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు అంతగా పాలిపోని రకం) ఉన్నదే వెతకండి.

ఇక తాళం సంగతి. ఆన్ చేస్తూ ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే మెషీన్ సెట్టింగ్‌లు) వెళ్ళండి. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ (ఆ సెట్టింగ్‌లకు పాత యజమాని వేసిన తాళం) అడిగితే, అమ్మేవాళ్ళ చేత మీ ముందే తీయించండి. అది ఎవరికీ గుర్తులేకపోతే మదర్‌బోర్డు మార్చాలన్నదే కంపెనీ మాట. అలాంటి మెషీన్ ఎంత తళతళలాడినా మీదైనట్టు కాదు. విండోస్ ఇచ్చే బ్యాటరీ రిపోర్ట్‌లో డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టాల్సిన ఛార్జ్), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పడుతున్న ఛార్జ్) పక్కపక్కన పెట్టి చూడండి. నేను అమ్మే ప్రతి లాప్‌టాప్‌తోనూ ఆ రిపోర్ట్, కొన్న బిల్లు ఇస్తాను. మీరు కూడా ఆ రెండూ అడిగాకే బేరం మొదలుపెట్టండి.