ఆంకోటైప్ డీఎక్స్: స్కోరు బాగుంది, పంపిన బ్లాకు బాగుందా?

రొమ్ము క్యాన్సర్ గడ్డ సైజు ఒకటే, గ్రేడూ (కణాలు ఎంత మారిపోయాయన్న లెక్క) ఒకటే. అయినా ఒకరికి హార్మోన్ మాత్రలతో సరిపోతుంది, ఇంకొకరికి కీమో తప్పదు. ఆ తేడా చాలావరకు ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందన్న దాంట్లో దొరుకుతుంది. దాన్ని కొలిచి 0 నుంచి 100 లోపు ఒక్క అంకెగా చేతికిచ్చే పరీక్ష ఆంకోటైప్ డీఎక్స్. అంకె పెరిగేకొద్దీ ముప్పు ఎక్కువ. 2004 నుంచి వాడకంలో ఉంది.

గడ్డ ముక్కను మైనంలో పొదిగిన పారఫిన్ బ్లాకు నుంచి ఆర్‌ఎన్‌ఏ (జన్యువు చురుకుదనాన్ని చెప్పే అణువు) తీసి, దాన్ని కొలిచే ఆర్‌టీ-పీసీఆర్ పద్ధతితో 21 జన్యువులు చూస్తారు. వాటిలో 5 పోల్చుకోవడానికే. బ్లాకులో ఆర్‌ఎన్‌ఏ ఎంతోకొంత చెడిపోయే ఉంటుంది కాబట్టి ఆ ఐదూ లేకుంటే లెక్క నిలవదు. మిగతా 16లో స్కోరును బాగా పెంచేవి కణ విభజనవి: కీ-67, సర్వైవిన్, సైక్లిన్ బీ1 వగైరా. ఈఆర్ (ఈస్ట్రోజెన్ గ్రాహకం), పీఆర్ (ప్రొజెస్టరోన్ గ్రాహకం), బీసీఎల్2, స్క్యూబ్2 దాన్ని తగ్గిస్తాయి.

ఇది ఈఆర్ పాజిటివ్ (గడ్డలో ఈఆర్ ఉన్న), హెర్2 (కణాల పెరుగుదలను ఎగదోసే ప్రొటీన్) నెగటివ్, తొలిదశ వాళ్లకే. ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ నెగటివ్ అయిన ట్రిపుల్ నెగటివ్‌కు చేయిస్తే డబ్బు దండగ.

2018లో వచ్చిన పెద్ద క్లినికల్ పరిశోధన టైలర్‌ఎక్స్ ఫలితాలే దీనికి అసలు బలం. చంకలోని లింఫ్ నోడ్‌లకు పాకకుండా, స్కోరు 11–25 మధ్య ఉన్నవాళ్లలో కీమో ఇచ్చినా ఇవ్వకున్నా తొమ్మిదేళ్లకు ఫలితం దాదాపు ఒకటే. 50 ఏళ్లు, ఆలోపు వాళ్లకు మాత్రం 16 నుంచి కీమోతో కొంత లాభం కనిపించింది. అది మందు వల్లా, మందుతో అండాశయాలు ఆగిపోవడం వల్లా అన్నది ఇంకా తేలలేదు. కాబట్టి 18 స్కోరుకు 42 ఏళ్ల ఆమె దగ్గర ఒక అర్థం, 62 ఏళ్ల ఆమె దగ్గర మరో అర్థం. రిపోర్టులో వయసు చూడకుండా అంకె చదవకండి.

తేడా కొట్టేది ఎక్కువగా బ్లాకు దగ్గరే. గడ్డ తీసిన గంటలోపు, కణజాలం చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లో పడాలి. 10 శాతం న్యూట్రల్ బఫర్డ్‌లో, 6 నుంచి 72 గంటలు. కోయకుండా ముద్దగా పడేస్తే ఫార్మలిన్ లోపలికి దిగేలోపే మధ్యలో ఆర్‌ఎన్‌ఏ పాడవుతుంది. ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది: బయాప్సీ సూది దిగిన చోట మానుతున్న కణజాలం ఉంటుంది. ఆ కణాలూ విభజన చెందుతూనే ఉంటాయి, స్కోరును ఉత్తపుణ్యానికి పెంచేస్తాయి. ఆ చోటికి దూరంగా, క్యాన్సర్ కణాలు దట్టంగా ఉన్న బ్లాకు ఎంచి పంపాలి. గ్రేడ్ 1, పీఆర్ గట్టి పాజిటివ్, కీ-67 తక్కువ, అయినా స్కోరు 30 దాటిందా? కీమో రాసేముందు పంపిన బ్లాకు స్లైడు మళ్లీ మైక్రోస్కోపు కింద పెట్టి చూడమని పాథాలజిస్టును అడగండి.

రిపోర్టులో విడిగా ఇచ్చే హెర్2 అంకెను చూసి, హెర్2 కోసం కణజాలం మీద చేసే ఐహెచ్‌సీ, ఫిష్ పరీక్షలు మానేయడం పొరపాటు.

ఖర్చు లక్షల్లో ఉంటుంది. గుండె బలహీనతతోనో, వయసు మీద పడో కీమో ఎటూ ఇవ్వలేని మనిషికి ఏ స్కోరు వచ్చినా వైద్యం మారదు. అలాంటప్పుడు ఈ పరీక్ష రాయకపోవడమే మేలు.