తప్పు ఎదుటివాడిది, ఎక్సెస్ నాది: 9 ఏళ్లు, 3 క్లెయిమ్‌లు

ఒకే ఇన్సూరెన్స్ కంపెనీలో, ఒకే కారుకి 9 ఏళ్లుగా కాంప్రహెన్సివ్ పాలసీ (నా కారు రిపేరుకి కూడా డబ్బిచ్చే రకం) కడుతున్నాను. ఇప్పటికి మూడు క్లెయిమ్‌లు చేశాను. మూడింటిలో ఒక్కటీ నా తప్పు కాదు. అయినా మూడుసార్లూ ఎక్సెస్, అంటే రిపేరు బిల్లులో మనమే పెట్టుకోవలసిన మొదటి వాటా, నా జేబులోంచే పోయింది. ఒకసారి మొత్తం తిరిగొచ్చింది, ఒకసారి చిల్లిగవ్వ రాలేదు, ఒకసారి సగం వచ్చింది. కంపెనీ పేరు రాయడం లేదు. రిపేరు పనిలో, ఫోన్ ఎత్తడంలో వాళ్లని వేలెత్తి చూపడానికేమీ లేదు. నా పేచీ అంతా ఎక్సెస్ దగ్గరే.

మొదటిది మూడో ఏట జరిగింది. రెడ్ సిగ్నల్ దగ్గర హ్యాండ్ బ్రేక్ వేసుకుని ఆగి ఉన్నాను. వెనకనుంచి ఒక వ్యాన్ వచ్చి గుద్దింది. బంపర్ ఒక పక్కకి ఊడి వేలాడుతోంది, డిక్కీ మూత పడట్లేదు. డ్రైవర్ పాపం మంచివాడే. దిగీ దిగగానే "నాదే తప్పండీ, ఫోన్ చూసుకుంటున్నాను" అన్నాడు. పేరు, అడ్రసు, పాలసీ నంబరు అన్నీ ఇచ్చాడు. తప్పు ఒప్పుకున్నాడు కదా, ఇక నాకు ఖర్చేముంటుంది అనుకున్నాను.

పది రోజుల తర్వాత బండి తెచ్చుకోవడానికి గ్యారేజీకి వెళ్తే, కౌంటర్ మీద నా తాళాలు, వాటి పక్కనే కార్డు మెషీన్ ఉన్నాయి. అక్కడి అమ్మాయి తాళాలు నా వైపు జరిపింది గానీ వాటి మీంచి వేలు తియ్యలేదు. "ఎక్సెస్ కట్టాలండీ" అంది.

"నా తప్పు కాదు కదమ్మా?"

"అది మీరూ మీ ఇన్సూరెన్స్ వాళ్లూ చూసుకోవాలండీ. మా బిల్లులో వాళ్లు ఎక్సెస్ పట్టుకుని మిగతాదే పంపారు. ఆ తేడా మీరిస్తేనే బండి బయటికెళ్తుంది."

ఆమె చేతిలో ఏముంది? కట్టేసి వచ్చాను.

ఆ రాత్రే పాలసీ కాగితాలు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను, కొన్న మూడేళ్లకి. షెడ్యూల్‌లో రెండు వరుసలున్నాయి: కంపల్సరీ ఎక్సెస్, వాలంటరీ ఎక్సెస్. క్లెయిమ్ చేస్తే రెండూ కలిపి కట్టాలి. మొదటిది వాళ్లు పెట్టింది. రెండోది నేను కోరి తెచ్చుకున్నది. ఆన్‌లైన్‌లో పాలసీ తీసుకునేటప్పుడు అక్కడొక గీత ఉంటుంది, దాన్ని కుడివైపు లాగేకొద్దీ ప్రీమియం తగ్గుతూ కనబడుతుంది. నేను జాగ్రత్తగా నడిపేవాణ్ణి, నాకు యాక్సిడెంట్ ఎందుకవుతుందిలే అని చివరిదాకా లాగేశాను. నా జాగ్రత్త నా బండి వరకే గానీ వెనకొచ్చే వ్యాన్‌కి పనిచెయ్యదన్న ఆలోచన అప్పుడు తట్టలేదు.

ఎక్సెస్‌ని మనం జరిమానా అనుకుంటాం, అందుకే కడుపు మండుతుంది. పాలసీ లెక్కలో అది జరిమానా కాదు. ప్రతి నష్టంలోనూ మొదటి ఇంత నాది, ఆపైది కంపెనీది అన్న ఒప్పందం. తప్పెవరిదన్న ప్రశ్న అక్కడ రానే రాదు. అది వచ్చేది తర్వాత. నా రిపేరుకి డబ్బు పెట్టిన కంపెనీ, నా స్థానంలో నిలబడి, గుద్దినవాడి కంపెనీ నుంచి ఆ డబ్బు రాబట్టుకుంటుంది. దీన్ని సబ్రోగేషన్ అంటారు. కాకపోతే వాళ్లు రాబట్టుకునేది వాళ్లు పెట్టింది. ఎక్సెస్ వాళ్లు పెట్టలేదు, నేను పెట్టాను. అలాగే కారు లేని రోజుల్లో నేను తిరిగిన టాక్సీల ఖర్చూ నాదే. ఇలా పాలసీ కిందికి రాని నష్టాలన్నీ గుద్దినవాడి నుంచి అడిగి తెచ్చుకోవలసింది నేనే. కొన్ని కంపెనీలు తమ డిమాండ్‌లో కస్టమర్ ఎక్సెస్ కూడా కలిపి అడుగుతాయి, కొన్ని పట్టించుకోవు. మా వాళ్లు మూడో రకం: మనం అడిగితే కలుపుతారు. అడగాలని మాత్రం ఎవరూ చెప్పరు.

వాళ్లకి మార్కులు నేను తగ్గించింది ఇక్కడే. నేను ఫోన్ చేస్తే "మీ ఎక్సెస్ కూడా రికవరీలో పెట్టమంటారా అండీ?" అని అడిగింది అవతలి ఆవిడ. వద్దనేవాళ్లు కూడా ఉంటారా? "నేను ఫోన్ చెయ్యకపోతే ఏమయ్యేది మేడం?" అంటే కాసేపు కీబోర్డు చప్పుడు తప్ప జవాబు లేదు. 5 నెలలకి డబ్బు మొత్తం వచ్చింది. టాక్సీ ఖర్చుల కోసం అవతలి కంపెనీకి నేనే బిల్లులు జతచేసి ఉత్తరం రాశాను. రసీదు పారేసుకున్న ఒక్క ట్రిప్పు కొట్టేసి మిగతావి ఇచ్చారు.

రెండోది ఆరో ఏట. రాత్రి పార్క్ చేసిన కారు తెల్లారేసరికి డోరు సొట్టపడి, అద్దం వైరుకి వేలాడుతూ ఉంది. కింద నారింజ రంగు ఇండికేటర్ ముక్క ఒకటి, నా కారుది కాదు. చుట్టుపక్కల కెమెరా లేదు. తప్పు నాది కాదని మా కంపెనీ కూడా ఒప్పుకుంది. కానీ గుద్దినవాడు దొరకలేదు కాబట్టి రాబట్టడానికి ఎవరూ లేరు. రికార్డులో దాన్ని 'ఫాల్ట్ క్లెయిమ్' అని రాశారు. గొడవపడితే అర్థమైందేమిటంటే, వాళ్ల భాషలో ఫాల్ట్ అంటే తప్పు చేశామని కాదు, వాళ్లు పెట్టిన డబ్బు తిరిగి రాలేదని. క్లెయిమ్ చెయ్యని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, అక్కడే కిందికి పడిపోయింది.

ఇందులో నా తెలివితక్కువతనమూ ఉంది. రిపేరు అంచనా ఎక్సెస్‌కి 1.3 రెట్లు. అంటే కంపెనీ నుంచి నాకు దక్కింది ఆ 0.3 మాత్రమే. బోనస్ తగ్గి తర్వాతి రెండేళ్లలో నేను అదనంగా కట్టిన ప్రీమియం అంతకన్నా ఎక్కువ. లాభం గూబల్లోకి వచ్చిందంటే ఇదే. చేతి డబ్బుతో బాగు చేయించుకుని ఊరుకోవాల్సింది. (అలా ఊరుకున్నా ప్రమాదం జరిగిన సంగతి కంపెనీకి తెలియజెయ్యాలన్న షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. అది మాత్రం చూసుకోండి.)

మూడోది పోయినేడు. పక్క లేన్‌లో పోతున్నవాడు నా లేన్‌లోకి వచ్చి ఎడమవైపు రెండు డోర్లూ గీకేశాడు. అక్కడ "సారీ అండీ, చూసుకోలేదు" అన్నవాడు, స్టేట్‌మెంట్‌లో నేనే అతని లేన్‌లోకి వచ్చానని రాశాడు. నా డాష్‌క్యామ్‌ ముందువైపు మాత్రమే చూస్తుంది, ఇతనేమో పక్కనుంచి వచ్చాడు. సాక్షులెవరూ లేరు. క్లెయిమ్ చూస్తున్నాయన ఫోన్ చేసి ఒకే ప్రశ్న వేశాడు: "రోడ్డు మీద లేన్ గీతలు, రెండు కార్ల టైర్లూ కలిపి కనబడే ఫోటో ఏమైనా ఉందా సార్?" నా దగ్గర గీతల ఫోటోలే ఉన్నాయి, ఆరు. అయితే అవి డోర్ల మీద గీతలు. దగ్గరగా, పెయింటు పొరలు కూడా కనబడేలా శ్రద్ధగా తీశాను. రోడ్డు ఒక్కదాన్లోనూ పడలేదు.

రెండు కంపెనీలూ మాట్లాడుకుని 50-50 అని తేల్చేశాయి. నన్నెవరూ అడగలేదు. క్లెయిమ్ ఎలా తేల్చాలన్న అధికారం పాలసీలో వాళ్లకే రాసిచ్చి ఉన్నాం మరి. తప్పు సగం కాబట్టి ఎక్సెస్‌లోనూ సగమే వెనక్కి వచ్చింది.

మా తమ్ముడిది ఇంకో దారి. వాడి కారుని ఎవరో వెనకనుంచి గుద్దితే సొంత పాలసీ జోలికే పోకుండా నేరుగా అవతలి కంపెనీ మీద క్లెయిమ్ వేశాడు. అందుకని ఎక్సెస్ అన్న మాటే రాలేదు. ఆ కంపెనీ తన కస్టమర్ తప్పు ఒప్పుకునేదాకా కదల్లేదు, అప్పటికి 7 వారాలు. అన్నాళ్లూ వాడు బంపర్‌ని తాడుతో కట్టుకుని తిరిగాడు. బండి నడిచే స్థితిలో ఉండి, ఎదుటివాడు కాగితం మీద ఒప్పుకుంటే నేనూ ఇదే చేస్తాను. డబ్బుకన్నా బండి ముందు కావాలంటే సొంత పాలసీయే నయం.

గుద్దినవాడి పేరు, అడ్రసు, బండి నంబరు ఇచ్చి, తప్పు పూర్తిగా అతనిదేనని తేలితే అసలు ఎక్సెస్సే వసూలు చెయ్యని పాలసీలు కూడా కొన్ని ఉన్నాయి. నాది ఆ రకం కాదు. కొనేటప్పుడు ఆ ఒక్క షరతు కోసం వెతకాలని తెలిసుంటే ఈ సమీక్ష ఇంకోలా ఉండేది.

5కి 3 ఇస్తున్నాను. పోయినవారం రెన్యువల్ నోటీసు వచ్చింది. కంపెనీ మార్చలేదు గానీ, ఆ వాలంటరీ ఎక్సెస్ గీతని ఈసారి ఎడమవైపు సున్నాదాకా లాగాను. ప్రీమియం పెరిగింది. కట్టేశాను. వెనక అద్దానికి రెండో కెమెరా కూడా పెట్టించాను, కానీ అది పక్కలకి చూడదట.