పుంజా, పెట్టా: తురాయిని నమ్మాలా, నడుము ఈకలనా?

మా పెరట్లో ఒక కోడికి నాలుగున్నర నెలల వయసులో, పదిహేను రోజులు తిరక్కుండానే నెత్తిమీది తురాయి ఎర్రబడింది. ఇంట్లో అందరం పుంజే అనుకున్నాం. పండక్కి కోయించాం. కడుపులో గోలీకాయంత పచ్చసొన ఒకటి, బఠాణీ గింజంతవి మూడు నాలుగు, ఆవగింజంతవి లెక్కలేనన్ని, గుత్తిగా. కొన్నాళ్లు ఆగి ఉంటే గుడ్లు పెట్టేది. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

తురాయి చూడటం తప్పని కాదు. ఎప్పుడు చూస్తున్నామన్నదే ముఖ్యం. ఐదారు వారాలప్పుడు ఒకే రోజు పుట్టిన పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, పుంజుపిల్లకు తురాయి గులాబీ రంగు తిరిగి లేస్తుంది, గడ్డం కింద తమ్మెలు కనిపిస్తాయి. పెట్టకు చిన్నగా, పాలిపోయి ఉంటుంది. హైదరాబాద్‌లో చాలామంది పెంచే వనరాజా, గ్రామప్రియలకు (రెండూ రాజేంద్రనగర్‌లోని ఐసీఏఆర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసినవే) ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. కానీ గుడ్లకొచ్చే ముందు పెట్టకూ తురాయి ఎర్రబడుతుంది. మేం మోసపోయింది అక్కడే. ఇక పందెం కోళ్ల జాతి అసీల్ పిల్లలైతే పుంజుకు కూడా తురాయి చిన్నగా, తలకు అతుక్కున్నట్టే ఉంటుంది. వాటి విషయంలో తురాయిని నమ్ముకోవద్దు.

నడుము ఈకలకు మూడు నెలలు ఆగాలి. ఓపిక పడితే ఇంతకంటే నమ్మకమైన గుర్తు పెరట్లో ఇంకోటి లేదు. నేను రాత్రిపూట చూస్తాను, నిద్రమత్తులో కోడి గింజుకోదు. గంప ఎత్తి, ఒళ్లో పెట్టుకుని, తోక మొదలుకు కాస్త ముందు ఈకల్ని వేలితో విడదీసి టార్చ్ వేయాలి. పుంజుకు అక్కడ సన్నగా, పొడుగ్గా, కొన మొనదేలి, నూనె రాసినట్టు మెరిసే ఈకలు దిగుతుంటాయి. పెట్టకు అదే చోట కొన గుండ్రంగా ఉంటుంది. మెడ ఈకల్లోనూ ఇదే తేడా కొంత కనిపిస్తుంది. ఒకటి రెండు కొత్త ఈకలు మొలిచినా చాలు, తేలిపోతుంది.

కూత కోసం ఎదురుచూడొచ్చు కదా అంటారు. గుంపులో పెద్ద పుంజుంటే దానికి భయపడి చిన్నవి నెలల తరబడి నోరెత్తవు. పైగా గోడకు గోడ ఆనుకున్న మన కాలనీల్లో కూత మొదలయ్యేసరికి పక్కింటివాళ్లతో టెన్షన్ కూడా మొదలవుతుంది.

మొదటి రోజే రెక్క ఈకల పొడవు చూసి చెప్పడం అందుకోసమే సంకరం చేసిన జాతుల్లోనే కుదురుతుంది, అదీ ఒకటి రెండు రోజులే. పిల్ల వెనక భాగం నొక్కి చూసే పద్ధతి జపాన్‌వాళ్లు కనిపెట్టింది. హేచరీల్లో చేయి తిరిగినవాళ్లు చేస్తారు. ఇంట్లో ప్రయత్నించకండి, పిల్ల పేగు చితికి చచ్చిపోవచ్చు. గుడ్డు కోలగా ఉంటే పుంజు అన్న మాట మాత్రం ఉత్తదే.

నా మాటగా అడిగితే, ఆరు వారాలకు తురాయి చూసి అనుమానమున్నవాటి కాలికి రంగు దారం కట్టండి, అంతే. ఇవ్వడం, అమ్మడం, కోయడం ఏదైనా నడుము ఈకలు చూశాకే. గుడ్ల కోసమే పెంచితే పుంజు అక్కర్లేదు. పిల్లలు కావాలంటే ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు సరిపోతుంది.