తిరుపతిలో జపాన్ వెన్నెల బొమ్మలు: ప్రింటుకు పూర్తి మార్కులు, ఫ్రేముకు సగమే

గోవిందరాజస్వామి గుడి దగ్గర దేవుడి పటాలు కట్టే ఒక అంగడిలో ఇప్పుడు మ్యాట్ కాగితం మీద ఇంక్‌జెట్ ప్రింటు కూడా తీసిస్తున్నారు. జపాన్ చెక్క అచ్చు బొమ్మల్లో రాత్రి దృశ్యాలకు పనికొచ్చే మిషనే. కాకపోతే పక్కన నిలబడి చెప్పి చేయించుకోవాలి.

జపాన్ చిత్రకారుడు కవాసె హసుయి 1930 నాటి ‘మాగొమె వెన్నెల’ తీసుకోండి. పైన్ చెట్ల వెనక నిండు చంద్రుడు, కింద ఇంటి కిటికీలో పసుప్పచ్చ వెలుగు. ఇలాంటి బొమ్మల్లో చాలావాటికి చంద్రుడంటే రంగు తగలని కాగితమే. చుట్టూ ఆకాశం మెల్లగా పలచబడడాన్ని బొకాషి అంటారు. చెక్కను తడిపి, ఒక అంచున మాత్రమే రంగు పెట్టి బ్రష్‌తో లాగితే నీళ్లలోకి రంగు పలచబడుతూ పోతుంది. దానిమీద తడి కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన బరెన్ అనే బిళ్లతో రుద్దుతారు. అంతా చేతి ఒడుపే, అందుకే ఒకే చెక్క నుంచి వచ్చిన రెండు ప్రతుల్లో ఆకాశం ఒక్కలా ఉండదు.

ప్రింటు చెడేది కూడా అక్కడే. ఆపరేటర్ అలవాటు కొద్దీ ఫొటోకు బ్రైట్‌నెస్ పెంచేస్తాడు. మీగడ రంగు కాగితం తెల్లబడుతుంది, చంద్రుడు ట్యూబులైటులా కొడతాడు, నీలం చారలు చారలుగా విడిపోతుంది. ‘ఏ కరెక్షనూ వద్దు’ అని ముందే చెప్పండి. ఫైలు వాట్సాప్‌లో పంపొద్దు, పెన్ డ్రైవ్‌లో ఇవ్వండి. ఓబాన్ అనే జపాన్ అచ్చు బొమ్మల సైజు దాదాపు 15×10 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల (డీపీఐ) లెక్కన 4500×3000 పిక్సెళ్లు కావాలి. పాత జపాన్ చిత్రకారులు హిరోషిగె, యొషితొషి బొమ్మలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం సైటులో ఉచితంగానే దొరుకుతాయి. ముందు చంద్రుడు, ఆకాశం కలిసొచ్చేలా ఒక చిన్న ముక్క తీయించి, బయట పగటి వెలుతురులో చూడండి. గ్లాసీ కాగితం చవకే, కానీ ముదురు నీలం మీద మెరుపు తేలి బొమ్మ కనిపించదు. అంచుల్లోని సంతకం, ముద్రలు కత్తిరించనివ్వొద్దు.

ఫ్రేము దగ్గరే ఈ అంగడి వెనకబడింది. వెనకంతా ఫెవికాల్ పూసి అట్టకు అంటిస్తారు. చెమ్మకు కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది. పై అంచున రెండుచోట్ల మాత్రమే యాసిడ్ లేని టేపుతో వేలాడదీయమనండి. అద్దం బొమ్మను తాకితే నవంబరు వానలకు అతుక్కుపోతుంది, కాబట్టి మధ్యలో, బొమ్మ చుట్టూ రెండంగుళాల వెడల్పు అట్ట (మౌంటు) తప్పనిసరి. మామూలు అద్దం వెనక చీకటి బొమ్మ మొహం చూసుకునే అద్దమైపోతుంది. కిటికీకి ఎదురు గోడ మీద పెట్టొద్దు. బంగారు పూత చట్రం వాళ్లు గట్టిగా చెబుతారు, ఒప్పుకోకండి. సన్నటి నల్ల చెక్కే దీనికి నప్పుతుంది.

బ్రహ్మోత్సవాల ముందు వెళితే స్వామి పటాల రద్దీలో శాంపిల్ ముక్క తీసే తీరిక వాళ్లకు ఉండదు. ఆ వారాలు వదిలేసి ఇవ్వండి.