మడమ నొప్పితో మారథాన్ సాధన: నల్లగొండలోని ఒక ఫిజియోథెరపీ కేంద్రంలో 14 వారాలు

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో పూర్తి 42.195 కిలోమీటర్లు పరుగెత్తాలని నేను సిద్ధమవడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఎడమ మడమ వెనుక, పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే అకిలీస్ స్నాయువు నొప్పి వల్ల సాధన ఇరవై కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. అప్పట్లో చూపించుకున్న చోటల్లా మాత్రలు రాసి, మూడు వారాలు పరుగు మానేయమన్నారు. మానేస్తే నొప్పి తగ్గేది. పానగల్ ఉదయ సముద్రం జలాశయం కట్ట మీద మళ్లీ మొదలుపెట్టి దూరం పెంచగానే అదే చోట తిరిగి పట్టుకునేది. ఈ ఏప్రిల్‌లో అది మూడోసారి తిరగబెట్టినప్పుడు మా కాలనీకి దగ్గరలోని ఈ చిన్న ఫిజియోథెరపీ కేంద్రానికి వెళ్లాను.

తొలిరోజు ఫిజియోథెరపిస్టు గారు కాలిని ముట్టుకోకముందే, గత ఆరు నెలల్లో వారానికి ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తానో అడిగి రాసుకున్నారు. తర్వాత గోడకు వేళ్లు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తి దించమన్నారు. కుడికాలితో 27 సార్లు ఎత్తగలిగాను. ఎడమకాలు 11 దగ్గర వణకడం మొదలై, 13 దాటాక మడమ నేల విడిచి లేవనే లేదు. రెండేళ్లుగా నేను నొప్పిని చూసుకున్నానే గానీ, ఆ పిక్కలో సత్తువ సగానికి పడిపోయిందన్న సంగతి అప్పటిదాకా నాకెవరూ చూపించలేదు.

"నొప్పి ఉన్నదని కాలు దాచుకుంటే అది ఇంకా నాజూకైతది సార్, దానికి బరువు మోసుడు మళ్లా నేర్పాలె" అన్నారామె. స్నాయువుకు కండరానికి అందినంత రక్తం అందదు కనుక అది నెమ్మదిగా కోలుకుంటుందనీ, విశ్రాంతితో బాధ తగ్గినా బలం రాదనీ ఓపికగా వివరించారు. మెట్టు అంచున ముందరి పాదంతో నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించే వ్యాయామం ఇచ్చారు. మోకాలు చాచి 15 చొప్పున మూడు విడతలు, పిక్క లోపలి సోలియస్ కండరం కోసం మోకాలు కొంచెం వంచి మరో మూడు విడతలు, రోజుకు రెండుపూటలా, 12 వారాలు. నెల తిరిగేసరికి మా పాప పాత బడిసంచిలో ఐదు కిలోల బియ్యం పోసి వీపున తగిలించుకుని చేయడం మొదలుపెట్టాను.

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఆమె చెప్పిన కొలత. పదికి ఐదు దాటని నొప్పితో, మర్నాటి ఉదయానికి అది మామూలు స్థాయికి దిగిపోతే, పరుగు కొనసాగించవచ్చు. మంచం దిగి వేసే తొలి అడుగుల్లో బిగుతు ముందురోజుకంటే పెరిగితే ఆ రోజు దూరం తగ్గించాలి. దీనివల్ల ఈసారి పరుగు పూర్తిగా మానలేదు. వారానికి ఎంత పరుగెత్తాలో నా మడమే చెప్పేది.

లోపాలూ ఉన్నాయి. సాయంత్రం ఆరు దాటితే మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లతో గది కిక్కిరిసిపోతుంది, అప్పుడు వ్యాయామం సరిగా చేస్తున్నామో లేదో చూసే తీరిక ఎవరికీ ఉండదు. ట్రెడ్‌మిల్ లేదు, పరుగు తీరును గల్లీలో ఫోన్‌తో వీడియో తీసి చూశారు. సిట్టింగ్‌కు 300 రూపాయలు న్యాయమే గానీ, సహాయకుడు రెండుసార్లు అడగకుండానే నొప్పికి చికిత్సగా వాడే అల్ట్రాసౌండ్ యంత్రం పెట్టి అదనంగా వసూలు చేశాడు. అవసరమా అని ఆమెనే అడిగితే అక్కర్లేదని ఆపించారు. అలా అడగాల్సిన పని రోగికి ఉండకూడదు.

నాతో పరుగెత్తే మిత్రుడికి ముంగాలి ఎముక మీద ఒకేచోట, రాత్రిపూట కూడా నొప్పి ఉంటే మాత్రం ఆమె వ్యాయామమేదీ ఇవ్వలేదు. ఎముకలో సన్నని చీలిక ఉండవచ్చనీ, మొదట్లో అది ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చనీ చెప్పి ఎముకల డాక్టరు దగ్గరికి పంపారు. నాకు ఆమె మీద గురి కుదిరింది అప్పుడే.

పద్నాలుగో వారంలో ఎడమకాలితో 24 సార్లు మడమ ఎత్తాను. గత ఆదివారం కట్ట మీద 30 కిలోమీటర్లు పూర్తి చేశాను, సోమవారం పొద్దున తొలి అడుగుల్లో బిగుతు లేదు. హైదరాబాద్ దారిలోని ఫ్లైఓవర్ల ఎత్తులు పిక్కను గట్టిగా పరీక్షిస్తాయి కాబట్టి బియ్యం సంచి ఇంకా దించలేదు. వెళ్లాలనుకునేవారు ఉదయం ఏడింటికే వెళ్లండి, ఆరు నెలల పరుగు లెక్కలు వెంట తీసుకెళ్లండి.