సముద్రం అంచున రెండు దారులు: గ్రేట్ ఓషన్ రోడ్, బిగ్ సర్

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో టార్కే నుంచి అలన్స్‌ఫోర్డ్ వరకు 243 కిలోమీటర్లు సాగే గ్రేట్ ఓషన్ రోడ్‌ను, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు, తిరిగిరాని తమ సహచరుల స్మారకంగా 1919 నుంచి 1932 వరకు శ్రమించి నిర్మించారు. ఆ సంగతి తెలిసి ప్రయాణించేవారికి అక్కడి ప్రతి మలుపూ మనసును తాకుతుంది. కాలిఫోర్నియా హైవే 1లోని బిగ్ సర్ మార్గం 1937లో ప్రారంభమైంది. దాని నిర్మాణంలో ఖైదీలు కూడా పనిచేశారు.

విక్టోరియా దారి వైవిధ్యంలో మిన్న. ఆట్వే వర్షారణ్యం దాటగానే, అలలు కోసి నిలబెట్టిన ట్వెల్వ్ అపోజిల్స్ సున్నపురాతి స్తంభాలు ఎదురవుతాయి. వాటిలో ఒకటి 2005లో కూలిపోయింది. బిగ్ సర్‌లో మాత్రం సాంటా లూసియా పర్వతాలు నేరుగా పసిఫిక్‌లోకి దిగుతాయి. 1932 నాటి బిక్స్‌బీ వంతెన వద్ద కనిపించే లోయ గాంభీర్యానికి సాటి రాగల దృశ్యం మొదటి దారిలో లేదని నా అభిప్రాయం.

అయితే బిగ్ సర్‌లో కొండచరియలు తరచుగా విరిగిపడతాయి. 2017లో మడ్ క్రీక్ వద్ద దారి ఏడాదికి పైగా మూతపడింది. పైగా అక్కడ కుడివైపు నడపాలి. ఆస్ట్రేలియాలో మనలాగే ఎడమవైపు నడుపుతారు కనుక, భారతదేశం నుంచి తొలిసారి వెళ్లే కుటుంబానికి నేను గ్రేట్ ఓషన్ రోడ్‌నే సూచిస్తాను. సముద్రం వాహనం పక్కనే ఉండాలంటే అక్కడ పడమరకు, బిగ్ సర్‌లో దక్షిణానికి ప్రయాణించాలి.